స్కానర్ చేతికిచ్చే ముందు: ఐటీఐ మోటార్ మెకానిక్ అయ్యవార్లకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఐటీఐలలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చెప్పే అయ్యవార్లకు, ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

మీ దగ్గర చదువు ముగించిన పిలకాయలు మా షెడ్లకు పనికి వస్తుంటారు. సెల్ఫ్ మోటారు విప్పి బుష్‌లు మార్చడం, ఆల్టర్నేటర్ డయోడ్లు చూడటం, హెడ్‌లైట్ రిలే వైరింగ్ గీయడం నేర్చుకునే వస్తారు. అందుకు మీకు దండం పెట్టాల్సిందే. సెంటర్ లాక్ పడని కారో, ఒక అద్దం దిగని కారో, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయే కారో వచ్చినప్పుడే చిక్కంతా. కారులోని ఎలక్ట్రానిక్ పెట్టెలు రాసుకున్న తప్పుల కోడ్లు చదివే స్కానర్ తగిలిస్తారు. తెరమీద ఒక కోడ్ కనబడుతుంది. ఆ కోడ్ ఫోన్‌లో కొట్టి చూసి "బీసీఎం పోయిందన్నా" అంటారు. బీసీఎం అంటే కారులో లైట్లు, లాకులు, అద్దాలు, వైపర్లు చూసుకునే పెట్టె. అది మార్చాలంటే వేలు పోయాలి. కొత్తది తెచ్చి, ఆ కారు మోడల్‌కు తగ్గట్టు కోడింగ్ చేయించి, వేరే తాళంతో బండి స్టార్టు కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్‌తో జత కలిపి, తాళాలు మళ్లీ నేర్పించి బిగించాక చూస్తే అద్దం ఎక్కడిదక్కడే ఉంటుంది. స్క్రాపులో దొరికిన పాత పెట్టె తెచ్చి తగిలిస్తే ఇంకా గొడవ. చాలా కార్లలో అది పాత బండి నంబరు మనసులో పెట్టుకుని కొత్త బండిని స్టార్టే కానివ్వదు.

తప్పు పిలకాయలది కాదు. స్కానర్ తీర్పు చెబుతుందనుకునేలా వాళ్లకు అలవాటయింది. బీసీఎం లాంటి పెట్టెలు కారులో ఇంకా ఉంటాయి. కోడ్ అనేది వాటిలో ఒక పెట్టె చేసే ఫిర్యాదు. ఆ పెట్టెకు తన పిన్ను దగ్గర ఎన్ని వోల్టులున్నాయో తెలుసు, అంతే. "డ్రైవర్ అద్దం మోటారు సర్క్యూట్ ఓపెన్" అని కోడ్ వస్తే మోటారు కాలి ఉండొచ్చు, తీగ తెగి ఉండొచ్చు, తీగలు కలిపే కప్లర్‌లో పిన్ను వెనక్కి జరిగి ఉండొచ్చు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి) తుప్పు పట్టి ఉండొచ్చు. వీటిలో ఏదైనా పెట్టెకు కనబడేది ఒక్కటే: తను పంపిన కరెంటు పారలేదు.

కోడ్ మొదటి అక్షరం పి అయితే ఇంజను, గేరు వైపు. బి అయితే బాడీ, సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వైపు, యు అయితే పెట్టెల మధ్య మాటలు. ఇంతవరకు అందరూ చెబుతారు. చాలా కార్లలో కోడ్ చివర గీత పెట్టి ఇంకో రెండు అంకెలు ఉంటాయి. పిలకాయలు జాబ్ కార్డు మీద రాసేటప్పుడు వదిలేసేది సరిగ్గా వాటినే. 11 అంటే ఎర్త్‌కు షార్ట్, 12 అంటే బ్యాటరీ ప్లస్‌కు షార్ట్, 13 అంటే సర్క్యూట్ ఓపెన్. తెగిన తీగ కోసం వెతకాలా, రాసుకుపోయి బాడీకి తగులుతున్న తీగ కోసం వెతకాలా అన్నది ఆ రెండంకెలే చెబుతాయి. వాటిని వదిలేసి రాసిన కోడ్ ఊరు రాయని అడ్రసు లాంటిది.

ఏ స్కానర్ అన్నది తరవాతి మాట. మన దేశంలో బీఎస్-4 పొగ రూలు కింది కార్లకు ఓబీడీ (కారు తన తప్పులు తానే పట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు) మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. ఆ రూలు వచ్చింది పొగ కోసం. అందుకే ఏ కంపెనీ కారైనా ఇంజను కోడ్లు ఒకే పద్ధతిలో బయటికి చెప్పి తీరాలి. బీసీఎం, మీటర్ బోర్డు, ఏసీ, ఎయిర్‌బ్యాగ్ ఆ రూలు కిందికి రావు, వాటితో ఏ కంపెనీ భాష ఆ కంపెనీది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న డాంగిల్ తగిలించి "కోడ్లేమీ లేవు" అంటే బాడీలో జబ్బు లేదని కాదు, ఆ డాంగిల్ బీసీఎం తలుపే తట్టలేదని. మీ ల్యాబుకు కొనేదైతే అన్ని పెట్టెలూ తెరిచేది, లైవ్ డేటా (స్విచ్‌లు ఈ క్షణంలో పెట్టెకు ఏం చెబుతున్నాయో) చూపేది, యాక్చువేషన్ టెస్ట్ (స్కానర్ నుంచే ఆజ్ఞ ఇచ్చి మోటారో లైటో పనిచేయించడం) చేయగలిగేది కొనండి. బ్యాచ్‌కు ఒకటి చాలు. చివరి రెండు లేని స్కానర్ ఎంత పెద్ద తెరతో వచ్చినా బాడీ పనికి దండగ.

స్కానర్ తగిలించేదానికి ముందు బ్యాటరీ చూడాలి. ఇది చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పి పుట్టాయి. కారు కొన్ని గంటలు ఆగాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6కు దిగువకు పడకూడదు. ఇంజను తిరుగుతుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజీ పడిపోతే పెట్టెలు ఒకటొకటిగా నిద్రలోకి జారిపోతాయి. మేలుకుని ఉన్నవి 'ఫలానాది మాట్లాడటం లేదు' అని చాడీలు మొదలుపెడతాయి. తెరమీద పది యు కోడ్లు కనబడగానే కుర్రాడు వైరింగ్ మొత్తం విప్పే పనిలో పడతాడు. బ్యాటరీ మారిస్తే పదీ పోతాయి. స్కాన్ చేసేటప్పుడు ఇగ్నిషన్ ఆన్‌లో చాలాసేపు ఉంచాల్సి వస్తుంది కాబట్టి ఛార్జర్ తగిలించే ఉంచాలి. కోడింగ్ చేసేటప్పుడైతే ఛార్జర్ లేకుండా ముట్టుకోనే కూడదు. మధ్యలో వోల్టేజీ పడితే మంచి పెట్టె కూడా చచ్చిపోతుంది.

తరవాత అన్ని పెట్టెలూ ఒకసారి స్కాన్ చేసి రిపోర్టు సేవ్ చేయాలి, లేదా కాగితం మీద రాసుకోవాలి. కోడ్ ఇప్పుడు ఉన్నదా, ఎప్పుడో వచ్చి పోయిందా అన్నది పక్కనే రాసి ఉంటుంది. అది చూడకుండా ఎరేజ్ నొక్కడం పెద్ద చెడ్డ అలవాటు. కోడ్ పడినప్పుడు వోల్టేజీ ఎంత, ఎన్ని కిలోమీటర్ల దగ్గర అని పెట్టె దాచిపెట్టిన వివరం కూడా దాంతోనే పోతుంది. రాసుకున్నాక ఎరేజ్ చేయండి. కస్టమర్ చెప్పిన పని చేసి చూడండి: అద్దం దించండి, లాక్ వేయండి, హారన్ కొట్టండి. మళ్లీ స్కాన్ చేస్తే తిరిగొచ్చిన కోడే అసలు కోడ్. ఎప్పుడో బ్యాటరీ మార్చినప్పుడు పడిన పాత కోడ్ల వెంట పడి సగం రోజు పోగొట్టుకునే వాళ్లున్నారు.

ఇక అసలు సంగతికొస్తున్నాం. బాడీ ఎలక్ట్రికల్‌లో చాలా జబ్బులకు కోడే పడదు. ఒక ఉదాహరణ చాలు. డ్రైవర్ తలుపు లాక్ లోపల చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది, తలుపు వేసి ఉందా లేదా అని బీసీఎంకు చెప్పేది అదే. అది జామ్ అయి ఎప్పుడూ 'తెరిచి ఉంది' అనే చెబుతుంటే రిమోట్‌తో లాక్ పడదు, లోపలి లైటు ఆరదు, మీటర్‌లో తలుపు బొమ్మ పోదు, రెండ్రోజులకోసారి బ్యాటరీ దిగుతుంది. కస్టమర్ నాలుగు కంప్లయింట్లు చెబుతాడు. స్కానర్‌లో కోడ్ సున్నా. తలుపు తెరిచి ఉండటం తప్పు కాదు కదా, బీసీఎం దేన్ని తప్పని రాసుకుంటుంది? లైవ్ డేటా తెరిచి తలుపు మూసి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మూసినా 'ఓపెన్' అనే చూపిస్తుంటుంది. కోడ్ మాత్రమే చదవడం నేర్చిన పిలకాయకు ఈ కారు ఎప్పటికీ అంతుబట్టదు.

అందుకే మీరు నేర్పాల్సింది స్కానర్‌ను ప్రశ్న అడగడం. ఎడమ వెనక తలుపు అద్దం డ్రైవర్ స్విచ్‌తో దిగడం లేదనుకోండి. లైవ్ డేటాలో ఆ స్విచ్ లైను తెరిచి బటన్ నొక్కాలి. తెరమీద 'డౌన్' అని మారిందా? మారితే స్విచ్ మంచిది, బీసీఎంకు మాట అందింది, దోషం అవతల సగంలో ఉంది. మారకపోతే దోషం ఇవతల సగంలో, అంటే స్విచ్‌లో, దాని ఎర్త్‌లో, స్విచ్ నుంచి వచ్చే తీగలో. ఇప్పుడు యాక్చువేషన్ టెస్ట్ తెరిచి స్కానర్ నుంచే 'అద్దం దించు' అని ఆజ్ఞ ఇవ్వాలి. దిగితే బీసీఎం, తీగలు, మోటారు మూడూ బాగున్నట్టే. దిగకపోతే మోటారు కప్లర్ దగ్గర మీటర్ పెట్టి ఆజ్ఞ ఇచ్చినప్పుడు 12 వోల్టులు వస్తున్నాయా లేదా చూడాలి. కప్లర్ ఊడదీయకుండా, వెనక నుంచి సన్న సూది పెట్టి చూడాలి. వస్తుంటే మోటారు పోయింది. రాకపోతే తీగ పోయింది, లేదా బీసీఎం. అంటే బీసీఎం మీద అనుమానం వచ్చేసరికి మిగతావన్నీ ఒకటొకటిగా కడిగేసి ఉండాలి. ఇదంతా సీటు మీంచి లేవకుండా పది నిమిషాల పని, ఒక్క కప్లర్ దగ్గర తప్ప.

తీగ అన్నామంటే తొంభై పాళ్లు తలుపుకు, బాడీకి మధ్య నల్ల రబ్బరు గొట్టంలోనే. దాన్ని ఒక్కసారి దగ్గరగా చూపించండి పిలకాయలకు. తలుపు బార్లా తెరిచి, గొట్టం బాడీ వైపు అంచు వేళ్లతో ఊడదీసి వెనక్కి మడిస్తే లోపల పదో పదిహేనో తీగలు కట్టగా కనబడతాయి. పైకి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. ఒక్కో తీగను రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగండి. బాగున్న తీగ బిగువుగా ఉంటుంది. రాగి తెగిన తీగ పైపొర మటుకు రబ్బరులాగా సాగుతుంది. చేతికి తెలిసిపోతుంది, మీటర్ అక్కర్లేదు. తెరిచీ మూసీ, తెరిచీ మూసీ రాగి లోపల ముక్కలవుతుంది. డ్రైవర్ తలుపే ఎక్కువ తెరుస్తారు కాబట్టి అక్కడే ముందు తెగుతుంది. అతికేటప్పుడు కొత్త ముక్క వేసి సోల్డర్ చేసి, ముడుచుకునే స్లీవు వేయాలి. అతుకులు ఒకేచోట గుంపుగా రాకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టాలి. మెలితిప్పి టేపు చుడితే ఆరు నెలలకు మళ్లీ మన దగ్గరికే వస్తుంది.

మన సముద్రం వైపు ఇంకో పీడ ఉంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం తీరాన తిరిగే బండ్లకు, రొయ్యల గుంతల గట్ల మీద ఆపే బండ్లకు ఉప్పు గాలి వదలదు. టెస్ట్ ల్యాంప్ ముల్లు తీగలోకి గుచ్చి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆ చిల్లులోంచి తేమ చొరబడి ఏడాది తిరక్కముందే రాగి పచ్చగా పిండైపోతుంది. బల్బున్న టెస్ట్ ల్యాంప్‌ను పెట్టెల పిన్నుల మీద అసలు పెట్టనివ్వకండి. బల్బు లాగే కరెంటుకు పెట్టె లోపలి భాగం కాలిపోతుంది. డిజిటల్ మల్టీమీటరే వాడాలి.

ఉప్పు ముందు తినేది ఎర్త్‌నే. ఎర్త్ చూడటం మీ పుస్తకాల్లో కంటిన్యూటీతో, అంటే దారి కలిసుంటే మీటర్ బీప్ కొట్టే పరీక్షతో, ఆగిపోతుంది. బీప్ వచ్చింది కాబట్టి ఎర్త్ మంచిదని రాసేస్తారు. ఒక ప్రయోగం చేయించండి. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు సర్క్యూట్‌లో ఎర్త్ వైపు ఒక ఓమ్, 25 వాట్ల రెసిస్టర్ ఒకటి టేపు చుట్టి దాచిపెట్టండి. పిలకాయలు బీప్ పెట్టి చూస్తే చక్కగా మోగుతుంది. బల్బు వెలిగిస్తే మసకగా ఉంటుంది. బల్బు వెలుగుతున్నప్పుడే మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన బల్బు ఎర్త్ పిన్ను మీద పెడితే మూడు వోల్టులకు పైనే చూపిస్తుంది. బాగున్న ఎర్త్ అయితే 0.1 లోపు ఉండాలి, 0.2 దాటితే విప్పి గీకాల్సిందే. రెసిస్టర్ వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోవద్దని ముందే చెప్పండి. ఒక్కసారి ఇది కళ్లతో చూసిన పిలకాయ జన్మలో బీప్‌ను నమ్మడు. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా మిణుకుమంటుందని వచ్చే బండ్లు చాలావరకు ఈ జబ్బువే. వెనక లైటు ఎర్త్ పోతే కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటుంది.

యు కోడ్లకు స్కానర్ కంటే మీటరే ముందు. స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టులో 16 పిన్నులు. 16వది బ్యాటరీ ప్లస్, 4, 5 ఎర్త్‌లు, 6, 14 క్యాన్ లైన్లు, అంటే పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జత తీగలు. బ్యాటరీ మైనస్ తీసి 6కు, 14కు మధ్య ఓమ్‌లు చూడాలి. లైను రెండు కొనల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఎక్కడో లైను తెగింది, లేదా ఒక కొన పెట్టె ఊడింది. సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ కలిసిపోయాయి. అప్పుడు పెట్టెల కప్లర్లు ఒకటొకటిగా ఊడదీస్తూ పోతే ఏది తీయగానే మళ్లీ 60 వైపు లేస్తుందో అదే దొంగ. బ్యాటరీ తీయకుండా చూస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. పోర్టుకు, లోపలి లైన్లకు మధ్య కాపలా ఉండే గేట్‌వే పెట్టె ఉన్న కార్లలో పోర్టు దగ్గర లోపలి లైన్లు కనబడవు, గేట్‌వే కప్లర్ దగ్గరికి పోవాలి. మెలితిప్పి ఉన్న జత తీగల్లోకి యాక్సెసరీ షాపుల వాళ్లు క్లిప్పులు కొట్టి సెంటర్ లాక్ కిట్లు, కెమెరాలు తగిలిస్తుంటారు. యు కోడ్ల కారు రాగానే డ్యాష్‌బోర్డు కింద బయటి టేపు ఏదైనా కనబడుతోందా అని చూస్తే సగం పని అయిపోతుంది.

బ్యాటరీ దిగిపోయే కారు గురించి ఒక లెక్క వేయించండి. కారు నిద్రపోయాక 20 నుంచి 50 మిల్లీ ఆంపులు లాగడం మామూలు. 300 లాగుతుంటే రోజుకు 7.2 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల (ఏహెచ్) బ్యాటరీ రెండున్నర రోజుల్లో సగమైపోతుంది. పిలకాయలు ఫ్యూజులు ఒకటొకటిగా పీకి చూస్తారు. ఫ్యూజు పీకి పెట్టగానే పెట్టెలన్నీ మేలుకుని కరెంటు లాగడం మొదలెడతాయి, లెక్క చెడిపోతుంది. తలుపు తెరిచి, లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, తాళం చాలా దూరంగా పెట్టి అరగంటో ముప్పావు గంటో ఆగాలి. తరవాత ఫ్యూజు నెత్తిమీద కనబడే రెండు చుక్కల మీద మీటర్ మిల్లీ వోల్టుల్లో పెట్టాలి. సున్నా అయితే ఆ ఫ్యూజులో కరెంటు పారడం లేదు. అంకె కనబడితే ఆ సర్క్యూటే. ఓపిక లేనివాళ్లకు ఈ పని రాదు.

ఎయిర్‌బ్యాగ్ గురించి మాత్రం బతిమాలడం లేదు, గట్టిగా చెబుతున్నాం. పసుపు కప్లర్లలో మీటర్ పెట్టి ఓమ్‌లు చూడనివ్వకండి. మీటర్ పంపే చిన్న కరెంటే బ్యాగ్ పేలేదానికి చాలొచ్చు. బ్యాటరీ తీసి, ఆ కంపెనీ మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగి, అప్పుడు ముట్టుకోవాలి. హారన్ పనిచేయక, స్టీరింగ్ మీది బటన్లు పనిచేయక, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగితే మూడు జబ్బులు కాదు, స్టీరింగ్ కింద చుట్టగా ఉండే క్లాక్ స్ప్రింగ్ ఒక్కటే.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి హైవే తెగినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు నీళ్లలో నిలబడ్డ కార్ల పని ఎట్టా చేయాలో పిలకాయలకు ముందే తెలిసుండాలి. ఇలాంటి కారుకు స్కానర్ తగిలించాలన్న ఆత్రంలో ఇగ్నిషన్ ఆన్ చేయడమే మొదటి తప్పు. ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. కార్పెట్ లేపి, గుమ్మం కింది కప్లర్లు విప్పి, మంచి నీళ్లతో ఉప్పూ బురదా పోయేలా కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పట్టించి ఎండబెట్టాలి. ఎడమ కాలి దగ్గర పెట్టె ఉన్న కార్లలో అది కూడా బయటికి తీయాలి. పూర్తిగా ఆరాక మాత్రమే బ్యాటరీ, ఆ తరవాతే స్కాన్.

మేము అడిగేది ఇదీ. ఫైనల్ పరీక్షలో నాలుగు దొంగ జబ్బులు పెట్టండి: రబ్బరు గొట్టంలో తెగిన తీగ, ఎర్త్‌లో దాచిన ఒక ఓమ్, 'ఓపెన్' అని ఇరుక్కున్న తలుపు స్విచ్, 120 ఓమ్‌లు చూపే క్యాన్ లైను. కోడ్ ఏమిటని అడగొద్దు. ఏ సగంలో ఉందని ఎట్టా తేల్చావు అని అడగండి, ఆ జవాబుకే మార్కులు వేయండి.

సరంజామా లేదని అనుకోవద్దు. యాక్సిడెంటు కార్ల తలుపులు, పాత బీసీఎంలు, కప్లర్లతో సహా కోసిన వైరింగ్ కట్టలు మా షెడ్ల వెనక పడి ఉన్నాయి. ఒక ట్రాలీ ఆటో పంపిస్తే మేమే ఎక్కిస్తాం. రబ్బరు గొట్టంలో తీగ తెగిన తలుపులు రెండు మూడు వేరుగా పెట్టాం, వాటిని అతకలేదు.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్క షెడ్లలో కార్ల ఎలక్ట్రికల్ పని చేసే మెకానిక్కులం